చుక్క ఎక్కడుంది?

చిరంజీవులకు,

మొన్న ఫోన్లో మీరడిగిన ప్రశ్నకు "తర్వాత చెప్తాలే" అని తప్పించుకున్నాను. నాలుగు లైన్ల వ్యాకరణం రాసిస్తే పార్సర్ జనరేటర్ అంత పొడుగు ప్రోగ్రాం ఎలా రాసిపెడుతుంది, దానికి మనం రాసింది ఎలా అర్థమవుతుంది అన్నారు. పార్సర్ అంటే రాసినదాన్ని చదివి ఏది దేనితో కలుస్తుందో తేల్చే ప్రోగ్రాం, నియమాలు (అదే వ్యాకరణం) ఇస్తే ఆ ప్రోగ్రాంను రాసిపెట్టేది పార్సర్ జనరేటర్. దానికేమీ అర్థం కాదర్రా. అర్థం కాకుండానే పని ఎలా జరిగిపోతుందో చెప్తాను, కాగితం, పెన్సిలు తెచ్చుకోండి.

2 + 3 × 4 లాంటి లెక్కలు చదవాలి అనుకుందాం. వ్యాకరణం ఇదీ (బాణానికి ఎడమవైపుది కుడివైపు వాటితో తయారవుతుంది):

మొత్తం → మొత్తం + లబ్ధం
మొత్తం → లబ్ధం
లబ్ధం → లబ్ధం × అంకె
లబ్ధం → అంకె

గుణకారం ముందు చెయ్యాలని ఇందులో ఎక్కడా విడిగా రాయలేదు. కూడికలో చేరేది లబ్ధమే కాబట్టి, లబ్ధం తయారయ్యాకే కూడిక వంతు వస్తుంది. ఇక మొదటి నియమంలో మొత్తం మళ్ళీ ఎడమ చివరే ఉంది చూడండి, దాని వల్ల నేను ఒకసారి బాగా ఇబ్బంది పడ్డాను. కుర్రతనంలో జనరేటర్ వద్దనుకుని, నియమానికో ఫంక్షన్ చొప్పున పార్సర్ చేత్తో రాశాను. 'మొత్తం' ఫంక్షన్ ఒక్క అక్షరం కూడా చదవకుండా మొదట తననే పిలుచుకుని, అలా పిలుచుకుంటూ పోయింది. తెలివిగా నియమాన్ని తిరగేసి మొత్తాన్ని కుడి చివరికి పంపాను. ప్రోగ్రాం నడిచింది. కాకపోతే 10 - 3 - 2 ఎంతంటే 9 అంది! ముందు 3 లోంచి 2 తీసేసి, మిగిలిన 1ని 10 లోంచి తీసేసిందన్నమాట. రెండు రోజులు పట్టింది కనుక్కోడానికి.

జనరేటర్‌కు ఆ బాధ లేదు. అది నియమాల మధ్య ఒక చుక్క పెడుతుంది. చుక్కకు ఎడమవైపు ఉన్నది చదివేశాం, కుడివైపు ఉన్నది ఇంకా రావాలి. ఏమీ చదవకముందు మనం ఎదురుచూసేది ఒక మొత్తం కోసం. మొత్తం ఒక లబ్ధంతో మొదలవ్వచ్చు, లబ్ధం ఒక అంకెతో మొదలవ్వచ్చు. కాబట్టి నాలుగు నియమాలూ, చుక్క అన్నిటికీ ముందే ఉండగా, ఒకే కుప్పలో పడతాయి. ఈ కుప్పనే స్టేట్ అంటారు. ఇప్పుడు ఒక అంకె వచ్చిందనుకోండి, చుక్క దాన్ని దాటుతుంది. మిగిలేది 'లబ్ధం → అంకె •' ఒక్కటే, అదింకో స్టేట్. ఇలా ప్రతి కుప్పలోనూ "ఇక్కడ ఇది వస్తే చుక్క ఎక్కడికి పోతుంది?" అని అడుగుతూ పోవడమే. చుక్క పెట్టగలిగే చోట్లు కొన్నే కాబట్టి, ఎక్కడో ఒకచోట కొత్త కుప్పలు రావడం ఆగిపోతుంది. మన వ్యాకరణానికి 8 స్టేట్లు వస్తాయి. అన్నిట్లోకీ నాకిష్టమైనది ఇది:

మొత్తం → మొత్తం + లబ్ధం •
లబ్ధం → లబ్ధం • × అంకె

2 + 3 వరకు చదివి, ఆ 3ని లబ్ధం చేశాక మనం ఉండేది ఇక్కడే. పై లైను "కూడిక పూర్తయింది, కట్టెయ్" అంటోంది. కింది లైను "ఆగు, గుణకారం ఉందేమో" అంటోంది. ఎవరి మాట వినాలి? తర్వాత వచ్చే గుర్తును తొంగి చూస్తే చాలు. × ఉంటే దాన్ని స్టాక్ (చదివినవి ఒకదాని మీద ఒకటి పేర్చే దొంతర) మీద పెట్టి ముందుకు పోవాలి, దీన్ని షిఫ్ట్ అంటారు. + ఉన్నా, లెక్క అయిపోయినా, స్టాక్ పైన ఉన్న మూడిటినీ తీసేసి వాటి బదులు 'మొత్తం' అని ఒక్కటి పెట్టాలి, అది రెడ్యూస్. మన లెక్కలో × వచ్చింది. కాబట్టి ముందు 3 × 4 లబ్ధమవుతుంది, ఆ తర్వాతే 2తో కలుస్తుంది.

ఇలాంటి జవాబులన్నీ జనరేటర్ ముందే కనుక్కుని ఒక పట్టికలో రాసేస్తుంది: అడ్డంగా స్టేట్లు, నిలువుగా గుర్తులు, గడిలో షిఫ్టో రెడ్యూసో, లేదా ఖాళీ. ఖాళీ గడిలో పడ్డామంటే రాసినదాంట్లో తప్పుందన్నమాట. మీరు చూసిన ఆ పొడుగు ప్రోగ్రాంలో చాలాభాగం ఈ పట్టికే. దాన్ని చూసి నడిచే లూపు చాలా చిన్నది, వ్యాకరణం మార్చినా అది మారదు.

ఈ పద్ధతిని కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ 1965లో చెప్పాడు. కానీ అప్పటి మెమరీకి ఆ పట్టికలు మరీ పెద్దవి. ఒకేలాంటి స్టేట్లను కలిపేసి వాటిని కుదించే దారి ఫ్రాంక్ డిరీమర్ 1969లో చూపించాడు. దాని మీదే బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ యాక్ అనే జనరేటర్ రాశాడు. ఆ పేరుకు "ఇదిగో, ఇంకో కంపైలర్-కంపైలర్" అని అర్థం (కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చేది), అప్పటికే అలాంటివి చాలా ఉన్నాయి మరి. యాక్ అంటే జడల బర్రె కూడా కదా, అందుకే తర్వాత వచ్చిన దానికి బైసన్ అని ఇంకో దున్న పేరు పెట్టారు.

ఒక్కోసారి ఒకే గడిలో రెండు జవాబులు పడతాయి. ఈ వాక్యం చూడండి: "వాన పడితే, గొడుగు ఉంటే బయటికి వెళ్ళు, లేకపోతే ఇంట్లో ఉండు." లేకపోతే అంటే ఏది లేకపోతే? గొడుగా, వానా? ప్రోగ్రాముల్లో ఇఫ్ లోపల ఇఫ్ రాసి, ఆఖర్న ఒక్క ఎల్స్ పెడితే ఇదే గొడవ. అప్పుడు యాక్ "షిఫ్ట్-రెడ్యూస్ కాన్‌ఫ్లిక్ట్" అని హెచ్చరించి, తనంతట తాను షిఫ్ట్ వైపు మొగ్గుతుంది. అంటే ఎల్స్ దగ్గరి ఇఫ్‌కే అతుక్కుంటుంది, గొడుగుకన్నమాట. ఆ హెచ్చరిక చూసి చాలామంది విసుక్కుంటారు. నాకు మాత్రం జనరేటర్ చేసే పనుల్లో అదే గొప్పదనిపిస్తుంది. చేత్తో రాసిన పార్సర్ మీ వ్యాకరణంలో రెండర్థాలున్నాయని ఎప్పుడూ చెప్పదు, ఏదో ఒక అర్థం తీసుకుని గుట్టుగా నడిచిపోతుంది.

ఇప్పుడు మీ పని. చివరి రెండు నియమాలూ కొట్టేసి ఈ నాలుగూ రాసుకోండి:

లబ్ధం → లబ్ధం × కారణాంకం
లబ్ధం → కారణాంకం
కారణాంకం → అంకె
కారణాంకం → ( మొత్తం )

చుక్కలు పెట్టి కుప్పలు లెక్కపెట్టండి. 12 రావాలి. లెక్క సరిపోయినా, బ్రాకెట్ తెరిచాక మొత్తం కోసం మళ్ళీ మొదటినుంచి ఎదురుచూడాలన్న సంగతి మర్చిపోయారేమో చూసుకోండి. అప్పటికీ కుదరకపోతే కాగితం ఫొటో తీసి పంపండి, ఈసారి తప్పించుకోను.

మీ తాతయ్య