"తెల్లగా, గుండ్రంగా ఉంటుందండి": మందుల షాపు కౌంటరు వెనక నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

మా షాపుకొచ్చేవాళ్లలో సగం మంది నన్ను "డాక్టరు గారూ" అంటారు. డాక్టర్ని కాదండి, ఫార్మసిస్టుని అంటే, "ఏదో ఒకటి లెండి, దగ్గుకి మంచిది ఒకటి ఇచ్చేయండి" అంటారు. మిగతా సగం "ఏమబ్బాయ్" అంటారు. 1948 నాటి ఫార్మసీ చట్టం కింద పేరు నమోదు చేయించుకుని, ఆ సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకున్న చదువు మాత్రం ఎవరి కంటా పడదు. దానికి నాకేం బాధ లేదు. నా ఆశ్చర్యమల్లా ఒక్కటే. మందు కొనేటప్పుడు మనవాళ్లు రంగు చూస్తారు, సైజు చూస్తారు, రేటు చూస్తారు, ఎక్స్‌పైరీ తేదీ అయితే కళ్లజోడు సవరించుకుని మరీ చూస్తారు. మందు పేరొక్కటీ చూడరు.

అపోహ: "రోజూ వేసుకునే మాత్రే" అంటే షాపువాడికి అర్థమవుతుంది.

మొన్నొకాయన వచ్చారు. చేతిలో స్ట్రిప్పు ముక్క. మాత్రలన్నీ అయిపోయాయి, రేకు మీద "టాబ్లెట్స్ ఐపీ" అన్న రెండు మాటలు మిగిలాయి. అంటే మాత్రలే అని రూఢి అయింది, అంతకు మించి ఏమీ తేలలేదు.

"ఇదేనండి, పొద్దున్నే వేసుకునేది. తెల్లగా, గుండ్రంగా ఉంటుంది."

"బీపీకా బాబాయ్, షుగరుకా?"

"ఆయ్, డాక్టరు గారు రాసిందేనండి."

"ఏ డాక్టరు గారు?"

"కొత్తగా వచ్చారు కదండి, సన్నగా ఉంటారు."

ఇంటికి ఫోన్ చేయించాను. పిన్నిగారు వెంటనే ఫొటో పంపించారు. తీరా చూస్తే అది థైరాయిడ్ మాత్రల డబ్బా, ఆవిడది. ఆయన కూడా ఆ ఫొటో చూసి "ఆ, ఇదే, తెల్లగా ఉంది కదా" అన్నారు. చివరికి ఆయన ఫోన్ నంబరు కంప్యూటర్లో కొడితే పాత బిల్లులో దొరికింది: ఆమ్లోడిపిన్ 5, బీపీ మాత్ర.

ఫలానా జబ్బు మాత్ర ఫలానా రంగులోనే ఉండాలన్న నియమం ఏదీ లేదు. అది కంపెనీ ఇష్టం. బీపీ మాత్రల్లో, షుగరు మాత్రల్లో, నిద్ర మాత్రల్లో తెల్లటివి, గుండ్రటివి, మధ్యలో గీతున్నవి లెక్కలేనన్ని. షుగరు లేని మనిషి పొరపాటున షుగరు మాత్ర వేసుకుంటే రక్తంలో గ్లూకోజు పడిపోయి చెమటలు పట్టి కూలబడొచ్చు. అందుకే చీటీ అడుగుతాను. "ఇన్ని ప్రశ్నలేంటండి, పక్క షాపులో అడక్కుండానే ఇస్తారు" అన్నది రోజూ వినే ప్రశంసే.

ఇక పవరు సంగతి. "ఈ 5 ఏం పనిచేస్తుందండి, మా బావగారికి 500 రాశారు, నాకూ అదే ఇవ్వండి" అని ఒకాయన పట్టుబట్టారు. బావగారిది షుగరుకి మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు. ఈయనది బీపీ మాత్ర. అంకె చెప్పేది మందు బరువే, బలం కాదు. ఒక్కో మందు ఒంట్లో పని చేయడానికి ఒక్కో మోతాదు కావాలి. పిన్నిగారి థైరాయిడ్ మాత్ర మీద 100 అని ఉంటుంది. అది మిల్లీగ్రాములు కూడా కాదు, మైక్రోగ్రాములు. అంటే మెట్‌ఫార్మిన్ 500లో ఉన్న మందులో 5,000వ వంతు. అంత చిన్న మాత్రే ఒళ్లంతటి వేగాన్నీ సరిచేస్తుంది. అన్నట్టు, దాన్ని పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. మన ఇళ్లలో అది కాఫీ గ్లాసుతోనే లోపలికి వెళుతుంది. కాఫీ ఆ మందుని సరిగా ఒంటబట్టనివ్వదు. ఆనక "ఆర్నెల్ల నుంచి వాడుతున్నా థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ అంకె దిగట్లేదు, మందు డూప్లికేటేమో" అని నా మీదకి వస్తారు.

అపోహ: ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి. మూత్రం పచ్చగా రావడమే సాక్ష్యం.

వాస్తవం: ఆ సాక్ష్యం ఇచ్చేది బి-కాంప్లెక్స్ మాత్ర. అందులో ఉన్న రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, పసుపు రంగుది. ఒంటికి కావలసినంత వాడుకుని మిగిలింది మూత్రంలో బయటికి పోతుంది. అది వేడి కాదు, మీరు కొన్న విటమిన్లో మిగులు.

ఈ వేడికి విరుగుడుగా మాత్రల్ని పాలతో వేసుకుంటారు చూడండి, అక్కడ వస్తుంది అసలు చిక్కు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్ పాలలోని కాల్షియంతో అతుక్కుపోయి రక్తంలోకి సరిగా చేరవు. చల్లదనం దక్కొచ్చేమో గానీ మందు పని తగ్గుతుంది.

అదే పసుపు రంగు ఇంకో చోట కూడా రాజ్యమేలుతోంది. సెలైన్ బాటిల్లో విటమిన్ ఇంజెక్షన్ కలిపితే నీళ్లు పచ్చగా మారతాయి. మా చుట్టుపక్కల ఊళ్లలో ఆర్‌ఎంపీ దగ్గర ఆ పచ్చ బాటిల్‌కి ఉన్న గిరాకీ తెల్ల బాటిల్‌కి లేదు. నీరసంగా ఉందంటే చాలు, "బలానికి ఒకటి ఎక్కించండి". సరే, లెక్క చూద్దాం. 5 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజు నీళ్ల 500 మిల్లీలీటర్ల బాటిల్లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. కేలరీల్లో చెప్పాలంటే వంద లోపే, ఒక అరటిపండు పెట్టు. మింగలేనివాళ్లకి, వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవాళ్లకి డాక్టరు చూసి ఎక్కించే సెలైన్ ప్రాణదానమే. టిఫిను చేసి, బండి మీద వచ్చి, మంచమెక్కి ఎక్కించుకునేవాళ్లకి మాత్రం ఆ బాటిల్ ఖరీదైన అరటిపండు.

యాంటీబయాటిక్స్ గురించి చెప్పాలంటే కొంచెం ఓపిక పట్టండి, నా రోజులో సగం తగువులు వీటి మీదే.

"అజిత్రోమైసిన్ రెండు ఇవ్వండి." రెండే. మూడు మాత్రల స్ట్రిప్పుని కత్తిరించి రెండివ్వాలి. ఎవరికండి అంటే పిల్లాడికి జలుబు. చీటీ ఏదంటే, "పోయినేడు రాశారు కదా, అదే." జలుబు తెచ్చేవి వైరస్‌లు. యాంటీబయాటిక్ పనిచేసేది బాక్టీరియా మీద. వైరస్ మీద దాని పప్పులుడకవు. జలుబు దానంతటదే వారంలో పోతుంది, ఆ ఘనత మాత్ర ఖాతాలో పడుతుంది. మళ్లీ జలుబు చేసినప్పుడు మళ్లీ అదే మాత్ర. కొన్నాళ్లకి నిజంగా న్యుమోనియా వచ్చిన రోజున ఆ మందుకి లొంగని క్రిములు తయారై కూర్చుంటాయి.

ఇది కొత్తగా కనిపెట్టిన భయమేమీ కాదు. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగే 1945లో నోబెల్ బహుమతి ఉపన్యాసంలో చెప్పాడు: రేపు ఇది ఎవరికి పడితే వాళ్లకి షాపుల్లో దొరుకుతుంది, తెలియని మనిషి చాలీచాలని మోతాదులో వేసుకుని క్రిముల్ని మొండివాటిని చేస్తాడు అని. ఉదాహరణకి ఒక మిస్టర్ ఎక్స్‌ని కూడా సృష్టించాడు. ఆయనకి గొంతు నొప్పి, తనే పెన్సిలిన్ కొనుక్కుని కొంచెం వాడి ఆపేస్తాడు. మొండిబారిన క్రిములు భార్యకి అంటుకుంటాయి. ఆవిడ న్యుమోనియాతో పోతుంది, పెన్సిలిన్ పనిచేయదు. ఆ మిస్టర్ ఎక్స్ ఎనభై ఏళ్లుగా మా కౌంటరు ముందు వరసలోనే ఉన్నాడు, చిల్లర చేత్తో పట్టుకుని.

చీటీ లేకుండా ఇవ్వకూడని మందుల స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. దాని గురించి 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రచారం కూడా చేసింది. మా దగ్గర ఆ ప్రచారం ఎంత బాగా చేరిందంటే, ఒక కుర్రాడు అడిగాడు: "అన్నా, ఎర్ర గీత ఉంటే పవరు ఎక్కువ కదా?" సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్, ఆందోళనకి రాసే ఆల్ప్రాజోలం, నొప్పికి రాసే ట్రమడాల్ లాంటివి ఇంకా కట్టుదిట్టమైన జాబితాలో ఉన్నాయి. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న ఆ హెచ్1 జాబితా మందు ఇస్తే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్నిచ్చామో విడిగా రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. నేను పేరడిగితే "ఆధార్ కూడా కావాలా?" అని వెటకారం. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ అలవాటు జనానికి పట్టింది మా షాపుల వల్లే. అడగ్గానే కత్తెర తీసి కత్తిరించి ఇచ్చినవాళ్లం మేమే కదా.

గ్యాస్. మా ఊళ్లో తలనొప్పి నుంచి మోకాళ్ల నొప్పి దాకా అన్నింటికీ మూలం గ్యాసే. పాంటాప్రజోల్ మాత్ర లేకుండా బిల్లు ముగిస్తే ఏదో మర్చిపోయినట్టు చూస్తారు. అది గ్యాసుని తీసేది కాదు, కడుపులో యాసిడ్ ఊరడాన్ని తగ్గించేది. తిన్నాక మంట పుడితే అప్పటికప్పుడు వేసుకోవడం కాదు, టిఫినుకి అరగంట ముందు వేసుకోవాలి. ఇదంతా తెలియకపోయినా పెద్ద నష్టం లేదు. నష్టం ఎక్కడంటే, ఛాతీ మధ్యలో పట్టేసి, చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగుతుంటే కూడా "గ్యాస్ పట్టిందండి, ఆ ఈనో ఒకటివ్వండి" అని షాపు మెట్లెక్కుతారు చూడండి, అక్కడ. అలాంటివాళ్లకి నేను ఏ మందూ అమ్మను. 108కి ఫోన్ చేస్తాను. కోపగించుకుంటారు, కోపగించుకోనీండి.

పథ్యం విషయంలో మనవాళ్ల క్రమశిక్షణకి మాత్రం చేతులెత్తి దండం పెట్టాలి. కుట్లు పడితే పప్పు మానేస్తారు, చీము పడుతుందని. చీము పప్పుతో పట్టదు, బాక్టీరియాతో పడుతుంది. పుండు మానడానికి కావలసిన ప్రొటీను ఉన్నది ఆ పప్పులోనే. వంకాయ, గోంగూర, చేపలు, గుడ్డు అన్నీ పేరుపేరునా అడిగి మానేసిన మనిషి, అన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "సాయంత్రం చిన్న ఫంక్షనుందండి, పర్లేదా?" అంటాడు. పర్లేదనే ఉంటుంది మొహంలో. చేతిలో ఉన్నదేమో మెట్రోనిడజోల్, మద్యంతో కలపొద్దని ఆ మందు కాగితం మీదే హెచ్చరిక ఉంటుంది. పప్పు తినమని, ఫంక్షను మానమని చెబితే నాకేమీ తెలియదని తేల్చేస్తారు.

ఇన్సులిన్ గురించి రెండు ముక్కలే. తెరవనిది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, పైన ఐసు గడ్డ కట్టే అరలో కాదు. గడ్డ కట్టిందా, కరిగినా ఇక పనికిరాదు. మే నెలలో కొని బండి డిక్కీలో పడేసి రెండు పనులు చూసుకుని ఇంటికెళ్లినా అంతే.

ఓఆర్‌ఎస్ కూడా అంతే ముఖ్యం. ప్యాకెట్టంతా ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం 20.5 గ్రాముల పొడి, అందులో గ్లూకోజు 13.5. గ్లాసుడు నీళ్లలో మొత్తం పోసినా, చెంచా చొప్పున వేసినా లెక్క తప్పుతుంది. పిల్లలు ఇష్టంగా తాగుతారని తియ్యటి డబ్బా పానీయాలు ఓఆర్‌ఎస్ పేరుతో ఏళ్ల తరబడి మా షాపుల్లోనే అమ్ముడయ్యాయి. విరేచనాలప్పుడు అంత పంచదార నీళ్లు పడితే విరేచనాలు ఎక్కువవుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు పానీయాల మీద పెట్టొద్దంది.

చివరగా, "జెనరిక్ అంటే డూప్లికేట్". జెనరిక్ అంటే పేటెంటు గడువు తీరాక వేరే కంపెనీలు కూడా తయారుచేసే అదే మందు. ఈ మాట వేరే ఎవరన్నా సరే, తెలుగువాళ్లం అనకూడదు. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ హైదరాబాద్‌లో ప్లాంటు పెట్టింది. అందులో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ కంపెనీ మొదలుపెట్టారు. ఇవాళ జీడిమెట్ల నుంచి పరవాడ దాకా మందుల ఫ్యాక్టరీలే. అమెరికాలో డాక్టర్లు రాసే మందుల్లో పదింట తొమ్మిది జెనరిక్కులే, వాటిలో ఇక్కణ్నుంచి వెళ్లేవీ బోలెడు. మన దగ్గర జెనరిక్కులు చవగ్గా అమ్మే ప్రభుత్వ పథకం జన ఔషధి 2008లోనే మొదలైంది. థైరాయిడ్, మూర్ఛ మందుల్లాంటివి మాత్రం కంపెనీ మార్చేముందు డాక్టరుకి ఓ మాట చెప్పండి, వాటిలో చిన్న తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

ఈ మధ్య ఒక పెద్దావిడ టైలినాల్ సీసా తెచ్చి కౌంటరు మీద పెట్టారు.

"మా అబ్బాయి డల్లాస్ నుంచి పంపాడు బాబూ. ఇది వేసుకుంటే జ్వరం ఇట్టే పోతుంది. ఇలాంటిది మన దగ్గర దొరకదు కదా?"

"ఇది పారాసిటమాలేనండి, అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. మన దగ్గర చవగ్గానే దొరుకుతుంది."

ఆవిడ నన్ను జాలిగా చూశారు. "పారాసిటమాలూ వేసుకుంటున్నాను బాబూ. దాంతో తగ్గకపోతేనే ఇది."

రెండూ కలిపి రోజుకి ఎన్ని అని అడిగాను. పెద్దవాళ్లకైనా రోజుకి నాలుగు గ్రాములు దాటితే కాలేయానికి ప్రమాదం, 650 మాత్రలైతే ఆరుతోనే ఆ గీత దగ్గరికి వచ్చేస్తాం. ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టారు, ఏడు దగ్గర ఆగారు. సీసా మీద పేరుకి పెన్నుతో గీత పెట్టి, పక్కన తెలుగులో "పారాసిటమాల్" అని రాసిచ్చాను. డల్లాస్ అబ్బాయికి ఫోన్ చేసి కనుక్కుంటానన్నారు.