డెల్టా ఊళ్ల ముంపు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పట్టణ ప్రణాళిక పని మీద గోదావరి డెల్టాలో ఏ ఊరెళ్లినా ఈ మాటలే వినపడతాయి. చదువుకున్నవాళ్లూ అంటారు, అందుకే రాస్తున్నాను.

అపోహ: స్థలం మెరక చేసుకుంటే ముంపు బాధ తీరిపోతుంది.

వాస్తవం: మీకు తీరుతుంది, పక్కవాళ్లకు మొదలవుతుంది. భీమవరం, అమలాపురం వైపు నేలకు వాలు చాలా తక్కువ. అక్కడ అడుగు ఎత్తు తేడా వచ్చినా నీరు దారి మార్చుకుంటుంది. లేఅవుట్ కోసం చేను పూడుస్తారు, దాంతోపాటు పంట బోదె, అంటే చేల మధ్య నీరు పారే చిన్న కాలువ కూడా మట్టి కిందకు పోతుంది. వాన పడితే ఆ నీరు వెనక పేటలోకి తిరుగుతుంది. సీసీ రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేస్తే పాత ఇళ్ల గడపలు పల్లంలో పడతాయి. గుమ్మానికి అడ్డంగా రెండు వరసల ఇటుకలు పేర్చుకుని, ముసలివాళ్లు కూడా వాటిని దాటుకుంటూ తిరిగే వీధులున్నాయి. ఇల్లు ఎత్తు లేపుకునే స్తోమత వాళ్లకు లేదు. పాత పొర తీసేసి అదే లెవెల్లో రోడ్డు వేయొచ్చు. పూర్తయ్యాక రోడ్డు ఎంత ఎత్తుండాలో టెండర్లోనే రాయాలి.

అపోహ: డ్రెయిన్ వెడల్పు చేసి సిమెంట్ వేస్తే చాలు.

వాస్తవం: ముందు అది ఎక్కడ కలుస్తుందో చూడాలి. సముద్రం పోటు మీదున్నప్పుడు తీరం దగ్గర మురుగు నీరు దిగదు. గోదావరి నిండుగా ఉంటే ఏటిలో కలిసే కాలువలదీ అదే పరిస్థితి. ఏటిగట్టు ఏటిని ఆపుతుంది గానీ, ఊళ్లో కురిసిన వానను బయటకు పంపదు. పాటు వచ్చి సముద్రం వెనక్కి తగ్గేదాకా ఆ నీరు నిలవడానికి చెరువులు కావాలి. పోటు వేళలు, వాన లెక్కలు, నేల లెవెల్స్ కలిపి చూస్తే ఎంత చోటు కావాలో తేలుతుంది. ఆ లెక్క వేయకుండా చెరువు పూడ్చి కాంప్లెక్స్ కట్టనివ్వడం అన్యాయం.

అపోహ: గట్ల మీద గుడిసెలు తీసేస్తే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: ఆక్రమణ నీటికి అడ్డే. కానీ వాళ్లకు ఊరికి దూరంగా, పల్లపు చేలో పట్టాలిస్తే మునక తప్పదు, పైగా రోజూ ఆటో ఖర్చు. స్థలం లెవెల్, కూలి పని దొరికే చోటు, బస్సు, బడి ఒకే మ్యాపు మీద పెట్టి స్థలం ఎంచాలి.

అపోహ: సైన్సంటే శాటిలైట్, సాఫ్ట్‌వేర్.

వాస్తవం: అవీ కావాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది, ఆ అంకె రికార్డులో ఉంది. ఏ ఇంట్లో ఎంత ఎత్తు నీరు నిలిచిందో మాత్రం ఆ ఇంటి పెద్దవాళ్లకే తెలుసు. వాళ్లు చూపించిన చోట టేపు పెట్టి కొలిచి, కంప్యూటర్ మ్యాపుతో సరిపోల్చాలి. తేడా వస్తే సరిచేయాల్సింది మ్యాపునే.