ముందు మందుల డబ్బా చూడండి

పొద్దున ఎనిమిదింటికి గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకున్నారు. తినడం మాత్రం మానేశారు, ఇవాళ్టి నుంచి పదహారు గంటల ఉపవాసం కదా మరి. పదకొండు అయ్యేసరికి చేతివేళ్లు సన్నగా వణుకుతున్నాయి. మెడ వెనక చల్లటి చెమట, గుండె దడ. ఎవరో ఏదో అడిగితే ఊరికే చిరాకు. వేలికి సూది గుచ్చి చూస్తే మీటర్లో 58. డెసీలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే లో షుగరే.

మీరు తినలేదన్న సంగతి మాత్రకు తెలీదు. గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్ లాంటివి తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. ఇన్సులిన్ ఇంజెక్షన్‌తోనూ ఇదే చిక్కు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం చాలా తక్కువ. అందుకే ఉపవాసం చేస్తాననే షుగర్ పేషెంట్‌ని ఎన్ని గంటలు అని కాదు, ఏ మందులు వాడుతున్నారని ముందు అడగాలి.

అలాగని ఉపవాసంలో పస లేదని కాదు. టైప్ 2 షుగర్ జబ్బులో చాలామందిని తికమక పెట్టే విషయం ఒకటుంది: రాత్రంతా ఏమీ తినకపోయినా పొద్దున షుగర్ ఎక్కువే ఉంటుంది. అది కాలేయం పని. అందులో సుమారు 100 గ్రాముల గ్లూకోజ్ గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉంటుంది. కాలేయంలో కొవ్వు పేరుకుంటే అది ఇన్సులిన్ మాట వినదు, అవసరం లేకపోయినా గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది. బరువు తగ్గి ఆ కొవ్వు కరిగితే మళ్లీ దారికొస్తుంది. బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ అనే అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. 15 కిలోలు, అంతకన్నా ఎక్కువ తగ్గినవాళ్లలో ఏడాది తిరిగేసరికి 86 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. గమనించండి, వాళ్లు చేసింది ఉపవాసం కాదు. కొన్ని నెలలపాటు రోజుకు సుమారు 850 క్యాలరీలే తీసుకున్నారు.

మరి గంటల లెక్కతో వచ్చే లాభమేంటి? 2023లో షికాగో పరిశోధకులు టైప్ 2 ఉన్న 75 మందితో ఆరు నెలలు పరీక్షించి చూశారు. మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 లోపే తిన్నవాళ్లకూ, క్యాలరీలు లెక్కపెట్టి తగ్గించినవాళ్లకూ హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ని శాతంలో చెప్పే రక్తపరీక్ష) దాదాపు ఒకేలా, 0.9 శాతం పాయింట్ల దాకా తగ్గింది. ఇది చిన్న విషయమని నేననుకోను. ప్రతి ముద్దకూ లెక్క రాసుకోవడం ఎంత విసుగో, రాసినవాళ్లకే తెలుసు. గడియారం చూసుకోవడం తేలిక.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లకు ఇంకో ప్రమాదం. ఎక్కువసేపు తినకపోతే కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి రక్తం ఆమ్లంగా మారవచ్చు. అప్పుడు మీటర్లో అంకె మరీ ఎక్కువగా కనిపించకపోవచ్చు కూడా. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. టైప్ 1 ఉన్నవాళ్లు, గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు సొంతంగా మొదలుపెట్టనే కూడదు. మిగతావాళ్లు కూడా ఏ మాత్ర తగ్గించాలో, ఏది ఏ వేళకు మార్చాలో డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

ఇక ఆ 58 సంగతి. వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ లేదా పంచదార నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ తాగాలి. ఇంకో గంట ఓర్చుకుంటే పదహారు పూర్తవుతాయని ఆగకండి. ఆ రోజుకు ఉపవాసం అయిపోయినట్టే.