ఆవనూనె: ముక్కు చెప్పేదీ, సీసా చెప్పనిదీ

డైటీషియన్‌గా నేను ఎక్కువగా సర్దిచెప్పాల్సి వచ్చే నూనె ఇదే. సగం మంది అమృతం అంటారు, సగం మంది విషం అంటారు.

అపోహ: ఘాటెక్కితేనే అసలు సరుకు.

పొడి ఆవపిండిని వాసన చూడండి, ముక్కుకు పెద్దగా ఏమీ తగలదు. చన్నీళ్లు కలిపి కాసేపాగి చూడండి, కళ్లు చెమరుస్తాయి. ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఒక చోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకో చోట ఉంటాయి. గింజ నలిగి తడి తగిలితే రెండూ కలిసి అల్లైల్ ఐసోథయోసయనేట్ పుడుతుంది. ఆ ఘాటు దానిదే. చన్నీళ్లకు బదులు మరిగే నీళ్లు పోస్తే ఎంజైమ్ చచ్చిపోయి ఘాటే రాదు. రిఫైన్ చేసిన నూనెలో ఆ ఘాటు పోతుంది, అంతమాత్రాన అది కల్తీ కాదు. అలాగని ఘాటున్నదల్లా స్వచ్ఛమూ కాదు. 1998లో ఢిల్లీలో బ్రహ్మదండి అనే కలుపు మొక్క గింజల నూనె కలిసిన ఆవనూనె వాడినవాళ్లకు కాళ్లు వాచిపోయాయి, పదులమంది చనిపోయారు. అలాంటి కల్తీ ముక్కుకు దొరకదు. సీలు వేసిన సీసానే కొనండి.

అపోహ: అమెరికా వంటకు ఒప్పుకోదు కాబట్టి విషమే. దీని కవల: తరతరాలుగా తింటున్నాం కాబట్టి ఏమీ కాదు.

గొడవంతా ఎరూసిక్ ఆమ్లం అనే ఒక రకం కొవ్వు ఆమ్లం గురించి. సంప్రదాయ రకాల నూనెలో ఇది దాదాపు 40 శాతం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. ఎక్కువ మోతాదులో తినిపించిన ఎలుకల గుండె కండరంలో కొవ్వు పేరుకుంది. మనుషుల్లో అలా జరుగుతుందని రుజువు కాలేదు. కానీ యూరప్ ఆహార భద్రతా సంస్థ 2016లో పెట్టిన పరిమితి కిలో శరీర బరువుకు రోజుకు 7 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి 420 మిల్లీగ్రాములు. పెద్ద చెంచా సంప్రదాయ ఆవనూనెలో ఎరూసిక్ ఐదు గ్రాములకు పైనే ఉంటుంది! ఆ పరిమితిని జంతువుల ఫలితాల మీద, చాలా జాగ్రత్త కలుపుకుని లెక్కకట్టారు. అందుకే దాన్ని దాటితే జబ్బు ఖాయమని నేననను. అలాగని క్లీన్ చిట్ కూడా ఇవ్వను. ఇంట్లో ఇదొక్కటే నూనె కాకుండా మార్చి మార్చి వాడమంటాను, పసిపిల్లలుంటే మరీను. ఎరూసిక్ తక్కువగా ఉండే రకాలూ వచ్చాయి, లేబుల్ చూడండి.

అపోహ: ఇందులో ఒమేగా-3 ఉంది, చేపలక్కర్లేదు.

ఉన్న మాట నిజమే, పెద్ద చెంచాకు సుమారు 0.8 గ్రాములు. మొక్కల నూనెల్లో అది మంచి లెక్కే. కానీ అది ఏఎల్ఏ అనే మొక్కల రకం ఒమేగా-3. చేపల్లో ఉండే ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా-3 రకాలుగా మన ఒంట్లో మారేది చాలా తక్కువ. కేలరీల సంగతంటారా, ఏ నూనైనా ఒకటే, ఆ చెంచాకు 120 పైచిలుకు. ఇక ‘కొలెస్ట్రాల్ ఫ్రీ’ అని సీసా మీద రాయడం ఉత్త ఆర్భాటం, మొక్కల నూనెల్లో అది ఎలాగూ ఉండదు.

అపోహ: పొగలు కమ్మేదాకా కాచాలి.

ఘాటు తగ్గాలంటే కాచడం మంచిదే. సన్నటి మంట మీద పెట్టండి. రంగు పలచబడి, అంచుల్లో మొదటి పొగ తీగ లేవగానే దించేసి, కాస్త చల్లారాక పోపు వేసుకోండి. వంటిల్లంతా పొగ కమ్మిందంటే నూనె విరిగిపోతున్నట్టే. ఘాటు కావాలనుకుంటే కాచకండి, వంట దించాక పైన అర చెంచా చుక్కలుగా వేయండి.