గత యుద్ధానికి తయారైన సర్జన్లు

1914లో మొదటి ప్రపంచ యుద్ధానికి ఫ్రాన్స్ చేరిన బ్రిటిష్ సైనిక సర్జన్లలో సీనియర్లు చాలామంది బోయర్ యుద్ధం చూసినవాళ్లే. దక్షిణాఫ్రికాలోని ఎండు నేలల మీద తూటా తగిలితే గాయాన్ని పెద్దగా కెలక్కుండా శుభ్రమైన కట్టు కట్టి వదిలేసేవారు. ఎక్కువ శాతం వాటంతట అవే మానిపోయేవి. అదే పద్ధతి వెంటబెట్టుకుని ఫ్రాన్స్, బెల్జియం సరిహద్దులోని ఫ్లాండర్స్‌కి వచ్చారు. అక్కడివేమో తరతరాలుగా పశువుల ఎరువు తోలిన పొలాలు. షెల్ ముక్కతో పాటు ఆ మట్టీ, బురద పట్టిన యూనిఫాం పీలికలూ కండలోకి దూరేవి. పైన కట్టు తెల్లగానే కనిపించేది, లోపల ఆ మట్టిలోని క్రిముల వల్ల కండ కుళ్లిపోయే గ్యాస్ గ్యాంగ్రీన్ పాకిపోయేది. చచ్చిన కండంతా కోసి తీసేయాలని, గాయాన్ని వెంటనే కుట్టకుండా కొన్నాళ్లు తెరిచే ఉంచాలని యుద్ధం నడుస్తుండగా నేర్చుకున్నారు. పాతికేళ్లు తిరక్కుండానే వచ్చిన రెండో ప్రపంచ యుద్ధంలో మళ్లీ అదే పాఠం మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

యుద్ధానికి సర్జన్లను తయారుచేయడంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. యుద్ధం నేర్పినదాన్ని శాంతికాలం మరిపిస్తుంది. మధ్యలో ఆ మరుపుకు మూల్యం చెల్లించేది కొత్త యుద్ధంలో మొట్టమొదట గాయపడినవాళ్లు.

చాలాకాలం ఈ విద్యకు యుద్ధమే బడి. 1537లో టురిన్ దగ్గర ఫ్రెంచి సైన్యంతో ఉన్న మంగలి వైద్యుడు ఆంబ్రోజ్ పారే, అప్పటి ఆచారం ప్రకారం తుపాకీ గాయాల్లో మరిగే నూనె పోసేవాడు. నూనె అయిపోయింది. గుడ్డు పచ్చసొన, గులాబీ నూనె, టర్పెంటైన్ కలిపి పూశాడు. వీళ్లు బతుకుతారో లేదోనని రాత్రంతా నిద్రపట్టక, తెల్లవారకముందే లేచి చూశాడు. నూనె పోసినవాళ్లు జ్వరంతో, వాపుతో అల్లాడుతున్నారు. కొత్త పూత పూసినవాళ్లు కాస్త హాయిగా పడుకుని ఉన్నారు. ఆ చదువుకు సిలబస్ లేదు, గురువూ లేడు.

బళ్లు తర్వాత వచ్చాయి. క్రిమియా యుద్ధంలో సైనిక వైద్యం విఫలమై పరువు పోయాక బ్రిటన్ 1860లో సైనిక వైద్య పాఠశాల పెట్టింది, అమెరికా 1893లో. వాటిలో కత్తి పట్టడం కన్నా పారిశుద్ధ్యం, అంటురోగాల చదువే ఎక్కువ. అందులో తప్పేమీ లేదు, అప్పటి సైన్యాల్లో తూటాల కన్నా జ్వరాలూ విరేచనాలే ఎక్కువమందిని చంపేవి.

కొరియా యుద్ధం దగ్గర లెక్క మారింది. రెండో ప్రపంచ యుద్ధంలో ధమని తెగితే సాధారణంగా ముడివేసి వదిలేసేవారు, దాదాపు సగం మందికి ఆ కాలో చెయ్యో పోయేది. కొరియాలో ఫ్రంట్‌కి దగ్గర్లోనే రక్తనాళాన్ని కుట్టడం మొదలయ్యాక అది సుమారు 13 శాతానికి దిగింది.

1991 గల్ఫ్ యుద్ధం తర్వాత అమెరికాలో జరిగిన సమీక్షల్లో ఇబ్బందికరమైన విషయం బయటపడింది. సైనిక ఆసుపత్రుల్లో డాక్టర్లు రోజూ చూసేది హెర్నియాలు, పిత్తాశయాలు, కాన్పులు. పొట్టలో తూటా దిగిన మనిషి టేబుల్ మీదకి వస్తే చేతులు ఆడాలంటే అలాంటివాళ్లను తరచూ చూడాలి. అలాంటివాళ్లు దొరికేది పెద్ద నగరాల్లో తీవ్ర గాయాలకు చికిత్స చేసే ట్రామా సెంటర్లలో. 1999లో హ్యూస్టన్‌లోని బెన్ టాబ్ ఆసుపత్రిలో ప్రయోగాత్మకంగా శిక్షణ మొదలైంది. ఆ తర్వాత మయామీ, బాల్టిమోర్, లాస్ ఏంజెలెస్ వంతు వచ్చింది. ఒక ఊరి తుపాకీ హింస మరో దేశంలో జరిగే యుద్ధానికి బడి కావడం వినడానికే బాగోదు గానీ, అంతకన్నా మంచి దారి అప్పుడు కనిపించలేదు. పైగా పిస్టల్ తూటా వేరు, మందుపాతర వేరు. రెండు కాళ్లూ తెగి, గాయం నిండా మట్టి నిండిన మనిషి నగరంలో దొరకడు.

ఆ లోటు పూడ్చడానికి బ్రిటన్‌ది ఇంకో దారి. యార్క్ దగ్గరి స్ట్రెన్సాల్‌లో ఒక హ్యాంగర్ లోపల, అఫ్ఘానిస్తాన్‌లోని బ్రిటిష్ స్థావరం క్యాంప్ బాస్టియన్ ఆసుపత్రిని మంచాల వరుసలతో సహా అచ్చుగుద్దినట్టు దించారు. నిజంగానే కాళ్లు లేని నటులు రంగు నెత్తురు పూసుకుని స్ట్రెచర్ మీద కేకలు పెడుతూ వస్తారు. సర్జన్ నుంచి నర్సు దాకా, రేపు కలిసి పనిచేయబోయే టీమంతా ఆ టెన్షన్ ముందే అనుభవించాలన్నది ఉద్దేశం.

ఈ శిక్షణలో సర్జన్‌కి అన్నిటికన్నా కష్టమైన పాఠం ఆపరేషన్ మధ్యలో ఆపేయడం. రక్తం ఆపి, పేగు చిల్లులు మూసి, పొట్ట పూర్తిగా కుట్టకుండానే ఐసీయూకి పంపాలి. రక్తం పోయి చల్లబడిన ఒళ్లు వేడెక్కాక, రక్తం గడ్డకట్టే గుణం తిరిగొచ్చాక మిగతా పని. పూర్తిచేయాలన్న పట్టుదలే పేషెంట్‌ని చంపుతుందని చేతికి అలవాటయ్యేలా నేర్పాలి.

కానీ 2001 నుంచి 2011 వరకు ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో చనిపోయిన 4,596 మంది అమెరికన్ సైనికుల వివరాలు పరిశీలిస్తే, 87 శాతం మంది సర్జన్ ఉన్న చోటికి చేరకముందే పోయారని తేలింది. అందుకే గాయపడిన మనిషిని గంటలో హెలికాప్టర్‌లో చేర్చడం మీద అంత పట్టు. శిక్షణంతా ఆ గంట చుట్టూ అల్లుకుంది.

ఇప్పుడు ఉక్రెయిన్‌లో డ్రోన్లు కాచుకుని ఉంటే హెలికాప్టర్ ఫ్రంట్ దగ్గరికి రాలేకపోతోంది, అంబులెన్స్ పగలు కదల్లేకపోతోంది. అఫ్ఘానిస్తాన్‌లో ప్రాణాలు నిలిపిన టూర్నికే, అంటే నెత్తురు ఆపడానికి బిగించే పట్టీ, ఇక్కడ గంటల తరబడి కాలికి బిగిసే ఉండి, కాపాడగలిగిన కాలు కూడా పోతోంది. అందుకని కొత్త పాఠాలు రాస్తున్నారు: పట్టీని ఎప్పుడు వదులు చేయొచ్చు, నేలమాళిగలో టార్చి వెలుగులో మనిషిని రెండు మూడు రోజులు ఎలా నిలబెట్టాలి, నిల్వ రక్తం లేనప్పుడు పక్కనున్న సైనికుడి నుంచి ఎలా ఎక్కించాలి. బాస్టియన్‌లో చేయి తిరిగిన సర్జన్లు ఇప్పుడు ఆ పాఠాలకు విద్యార్థులు.