చిలగడదుంప కప్పు ఎందుకు కుంగింది?

బర్మింగ్‌హామ్‌లో మా అక్క ఇంట్లో ఒక ఆదివారం షెపర్డ్స్ పై చేద్దామనుకున్నాం. గొర్రె ఖీమాను చిక్కటి గ్రేవీలో వండి, దాని మీద మెత్తగా మెదిపిన బంగాళాదుంపను ఇంటి కప్పులా పరిచి, ఓవెన్‌లో ఎర్రగా కాల్చే వంట అది. తీరా చూస్తే బంగాళాదుంపలు అయిపోయాయి. గంపలో నారింజ రంగు చిలగడదుంపలు మాత్రం కిలోన్నర దాకా ఉన్నాయి.

"ఇదీ దుంపే కదా, ఇది వేస్తే ఏమవుతుంది?" అంది అక్క. నాకూ అలాగే అనిపించింది. తొక్క తీసి, పెద్ద ముక్కలుగా కోసి, చన్నీళ్లలో వేసి, సన్నటి సెగ మీద తీరిగ్గా ఉడికించాం. వెన్న, కాసిని పాలు కలిపి మెదిపి ఖీమా మీద పరిచాం. అందంగా కాలుతుందని ఫోర్కుతో చాళ్లు కూడా గీశాం.

నలభై నిమిషాల తర్వాత ఓవెన్ తలుపు తీస్తే ఆ చాళ్లు లేవు. దుంప ముద్ద పల్చబడి, నడిమధ్యన గ్రేవీలోకి కుంగిపోయింది. అంచుల వెంట నారింజ రంగు నూనె బుడబుడలాడుతోంది. నోట్లో పెట్టుకుంటే మాంసం రుచిని మింగేసేంత తీపి. బంగాళాదుంపతో అక్క ఎన్నోసార్లు ఇలాగే చేసింది, ఒక్కసారీ కుంగలేదు. పాత్ర అదే, వెన్న అదే, ఓవెన్ అదే. మారింది దుంప ఒక్కటే. ఆ దుంపలో ఏముందో తెలుసుకునేదాకా నాకు మనసు నిలవలేదు.

షెపర్డ్ అంటే గొర్రెల కాపరి. ఇంగ్లండులో ఆదివారం కాల్చుకున్న మాంసంలో మిగిలినదాన్ని పారేయకుండా, సన్నగా తరిగి గ్రేవీలో కలిపి, మీద బంగాళాదుంప ముద్ద కప్పి మర్నాడు మళ్లీ కాల్చుకునేవారు. పొదుపు నేర్పిన వంట. గొడ్డు మాంసంతో చేస్తే దాన్ని కాటేజ్ పై అంటారు. ఈ పేరు 18వ శతాబ్దం చివరికే వాడుకలో ఉంది, షెపర్డ్స్ పై అన్నది 19వ శతాబ్దం మధ్యలో వచ్చింది. మామూలు 'పై' వంటకానికి గోధుమపిండి పొర ఉంటుంది. ఇక్కడ ఆ పని దుంప చేయాలి. అడుగున మరిగే గ్రేవీ మీద కూలిపోకుండా తన బరువు తానే మోసుకోవాలి, పైకి మాత్రం ఆరి కరకరలాడాలి. బంగాళాదుంపకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య.

చిలగడదుంపకు ఆ విద్య లేదు. పేరులో దుంప ఉన్నంత మాత్రాన ఇవి చుట్టాలు కావు. బంగాళాదుంప వంకాయ, టమాటాల కుటుంబం. మనం తినేది మట్టిలో ఉబ్బిన కాండం, దాని మీది కళ్లు మొగ్గలు. చిలగడదుంప తూటికూరకూ, పందిరికి పాకే కాశీరత్నం తీగకూ దగ్గరి బంధువు. మనం తినేది ఉబ్బిన వేరు. రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే అయినా, ఐరోపాకు ముందు చేరింది చిలగడదుంప. దాని బటాటా అన్న పేరే ఇంగ్లీషులో పొటాటో అయింది. ఆ పేరును బంగాళాదుంప తర్వాత సొంతం చేసుకుంది. అంటే ఇంగ్లండువాళ్ల పళ్లెంలో మొదటి పొటాటో చిలగడదుంపే. మా అక్క చేసిన మార్పులో ఒక రకంగా పాత న్యాయం ఉంది.

ఇక దుంప లోపలికి వెళదాం. రెండు దుంపల్లోనూ ముప్పావు వంతుకు పైగా నీరే. మిగిలిన దానిలో ఎక్కువ భాగం స్టార్చ్, అంటే పిండిపదార్థం. గ్లూకోజ్ పూసలను వేల సంఖ్యలో గుచ్చిన దండలు, కొమ్మలు వేసిన దండలు కణాల్లో చిన్న చిన్న రేణువులుగా బిగిసి ఉంటాయి. నీటితో కలిసి వేడెక్కితే ఈ రేణువులు ఉబ్బి నీళ్లను పీల్చుకుంటాయి. ఉడికిన బంగాళాదుంప పొడిపొడిగా విచ్చుకోవడానికీ, ముద్ద చేస్తే నిలబడడానికీ కారణం ఇదే. కణాల నిండా ఉబ్బిన స్టార్చ్ నీటిని పట్టి ఉంచుతుంది.

చిలగడదుంపలో స్టార్చ్‌తో పాటు ఇంకొకరు కాపురం ఉంటారు. పేరు బీటా ఎమైలేజ్. ఇది ఒక ఎంజైమ్, అంటే కణాల్లో రసాయన చర్యలను వేగంగా నడిపించే పదార్థం. స్టార్చ్ దండను ఒక కొస నుంచి పట్టుకుని రెండేసి పూసల చొప్పున కత్తిరిస్తూ పోతుంది. అలా తెగిన రెండు పూసల తునకే మాల్టోజ్ అనే చక్కెర. చిలగడదుంపలో ఈ ఎంజైమ్ ఎంత సమృద్ధిగా ఉంటుందంటే, 1940లలో అమెరికా శాస్త్రవేత్తలు దాన్ని ఈ దుంప నుంచే స్ఫటికాలుగా వేరు చేశారు.

మరి పచ్చి దుంపలో స్టార్చ్ పక్కనే ఉంటూ అది ఎందుకు ఊరుకుంటుంది? పచ్చి రేణువు గట్టిగా బిగిసి ఉంటుంది కాబట్టి దండ కొస ఈ కత్తెరకు చిక్కదు. వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటాక రేణువులు ఉబ్బి సడలుతాయి, దండలు బయటపడతాయి. కత్తెర పని మొదలుపెడుతుంది. వేడి పెరిగినకొద్దీ చురుగ్గా కత్తిరిస్తుంది. 80 డిగ్రీల దరిదాపుల్లో ఎంజైమే చెడిపోతుంది. అది కూడా ఒక ప్రోటీనే కదా, గుడ్డు తెల్లసొన ఉడికినట్టు దాని రూపు మారిపోతుంది. తలుపు తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ మధ్య ఇరవై డిగ్రీల సందు ఉందన్నమాట. దుంప ఆ సందులో ఎంతసేపు ఉంటే అంత తీపి.

ఇది తెలిశాక నాకు అమ్మమ్మ పొయ్యి గుర్తొచ్చింది. చిలగడదుంపను గెనుసుగడ్డ అన్నా, మోరంగడ్డ అన్నా, రత్నపురిగడ్డ అన్నా, శివరాత్రి ఉపవాసానికి ఉడకబెట్టి తినడం మన ఇళ్లలో చాలా చోట్ల ఉన్నదే. అయితే ఉడికించిన దుంప కంటే, వంట అయిపోయాక పొయ్యిలోని వేడి బూడిదలో కప్పెట్టిన దుంప ఎప్పుడూ తీపిగా ఉండేది. సాయంత్రం పుల్లతో కెలికి బయటికి తీస్తే, తొక్క చిట్లిన చోట నల్లటి బెల్లప్పాకం లాంటి జిగురు గట్టిపడి కనిపించేది. దాని కోసం పిల్లలం పోటీ పడేవాళ్లం. ఆ పాకం దుంపలో ముందే ఉన్నది కాదు, బూడిదలో ఉన్న గంటసేపట్లో తయారైంది. బూడిద వేడి నెమ్మదిగా లోపలికి దిగుతుంది కాబట్టి దుంప నడుమ భాగం ఆ ఇరవై డిగ్రీల సందును చాలాసేపు దాటుతూ ఉంటుంది. జపాన్‌లో వేడి గులకరాళ్ల మధ్య దుంపలను తీరిగ్గా కాల్చి బళ్ల మీద అమ్మేదీ ఈ తీపి కోసమే. 1597లో జాన్ జెరార్డ్ అనే ఆంగ్లేయుడు మొక్కల గురించి రాసిన పుస్తకంలోనూ ఈ దుంపను బూడిదలో కాల్చి తింటారనే ఉంది. ఎంజైమ్ అన్న మాట పుట్టడానికి చాలా ముందే మూడు చోట్ల మనుషులు ఒకే సంగతి కనిపెట్టారు. ఇలాంటి విషయం తెలిసినప్పుడు నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు.

పచ్చి చిలగడదుంపలో నూరు గ్రాములకు సుమారు 4 గ్రాముల చక్కెర ఉంటుంది. బంగాళాదుంపలో ఒక గ్రాము లోపే. తొక్కతో కాలిస్తే చిలగడదుంప చక్కెర 6 గ్రాములు దాటుతుంది. మాల్టోజ్ తీపి పంచదార తీపిలో మూడో వంతే కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ దుంప మిఠాయి అయ్యేది.

తీపి సంగతి సరే, కుంగడం మాటేమిటి? అక్కడే అసలు ముడి ఉంది. కత్తెర దండలను కోస్తోందంటే నీటిని పట్టి ఉంచే స్టార్చ్ తగ్గిపోతోందని అర్థం. అది విడిచిపెట్టిన నీరు ముద్దలోకే వస్తుంది. బంగాళాదుంప ఉడికి బిగుసుకుంటే చిలగడదుంప ఉడికి పల్చబడుతుంది. పైగా అక్కడి దుకాణాల్లో దొరికే నారింజ రంగు రకాలు మన ఎర్రతొక్క, తెల్లగుజ్జు దుంపల కంటే తడి ఎక్కువ ఉన్నవి. మేం చేసిందేమిటి? పెద్ద ముక్కలు, చన్నీళ్లు, సన్నటి సెగ. ఆ సందును వీలైనంత సేపు తెరిచిపెట్టాం. ఆపైన నీళ్లలో నానబెట్టి, పాలు పోశాం. కప్పు కుంగక ఏమవుతుంది?

దీంతో నాకొక నిర్ణయం దొరికింది. దుంపను దుంపగా తినేటప్పుడు నెమ్మదిగా కాల్చడమే గొప్ప పద్ధతి. షెపర్డ్స్ పై మీద కప్పుగా వేసేటప్పుడు అదే పద్ధతి తప్పు. ఇక్కడ ఆ సందును పరుగున దాటించాలి. చాలా వంటపుస్తకాలు కాల్చమనే చెబుతాయి, నీరు ఆవిరైపోతుందని. ఆ మాటా నిజమే, కానీ తీపి మరీ పెరుగుతుంది. నేను అరంగుళం ముక్కలు కోసి, ఆవిరి బాగా వస్తున్న పాత్రలో పలుచగా పరచడం వైపే మొగ్గుతాను. చిన్న ముక్కకు ఆవిరి తగిలితే నిమిషాల్లో 80 డిగ్రీలు దాటిపోతుంది, ఎంజైమ్‌కు తీరిక దొరకదు. మైక్రోవేవ్ ఓవెన్‌లో వండిన దుంప తీపి తగ్గడానికీ కారణం ఈ వేగమే.

మరుసటి ఆదివారం అలాగే చేశాం. ఉడికిన ముక్కలను వెడల్పాటి మూకుడులో వేసి, సన్నటి మంట మీద ఐదారు నిమిషాలు కలుపుతూ తడి ఆర్చాం. మొదట చప్పుడు లేకుండా ఆవిరి లేస్తుంది. కాసేపటికి ముద్ద మూకుడు అడుగును వదిలి గరిటెతో పాటు తిరగడం మొదలుపెడుతుంది. ఆ గుర్తు కనిపించేదాకా ఆపకూడదు. కిలో చిలగడదుంపకు పావు కిలో పైచిలుకు మామూలు బంగాళాదుంప మెదిపి కలిపాం, ఇంటికి నిట్టాడు వేసినట్టు. పాలు పూర్తిగా మానేసి వెన్న, ఉప్పు, మిరియాలు, ఒక గుడ్డు పచ్చసొన చేర్చాం. పచ్చసొన ఓవెన్ వేడికి గట్టిపడి ముద్దను పట్టి ఉంచుతుంది.

కప్పు గురించి ఇంత చెప్పి గోడలను మరవకూడదు. ఖీమాను ఒకేసారి గుమ్మరిస్తే నీరు ఊరి ఉడుకుతుంది, వేగదు. రెండు విడతలుగా, బాగా కాగిన మూకుడులో గోధుమరంగు వచ్చేదాకా వేయించాలి. ఉల్లి, క్యారెట్, టమాటా గుజ్జు, చెంచాడు మైదా, కాస్త మాంసం ఉడికించిన నీళ్లు. చివర ఉస్టర్ సాస్. ఇంగ్లండువాళ్లు తమదని మురిసిపోయే ఈ సాస్‌లో ఉప్పులో ఊరిన నెత్తళ్ల జాతి చేపలతో పాటు మన చింతపండు కూడా ఉంటుంది. చిలగడదుంప తీపికి ఎదురు నిలవాలంటే ఆ పులుపు కావాలి. టమాటాలో గ్లుటమేట్, మాంసంలో, చేపలో ఇనోసినేట్ అనే పదార్థాలు ఉంటాయి. రెండూ కలిస్తే మాంసపు కమ్మదనం విడివిడిగా వచ్చేదానికి ఎన్నో రెట్లవుతుంది. అక్క రెండు పచ్చిమిరపకాయలు కూడా తరిగి వేసింది, నేను అడ్డు చెప్పలేదు. గరిటెతో గీత గీస్తే మూకుడు అడుగు ఒక్క క్షణం కనిపించేంత చిక్కగా అయ్యాక దించి, చల్లారనిచ్చాం. చల్లారిన ఖీమా గట్టిపడుతుంది, మాంసం నుంచి దిగిన జెలటిన్ దాన్ని పట్టి ఉంచుతుంది. వేడి గ్రేవీ మీద ముద్ద పరిస్తే ఎంత మంచి కప్పయినా మునుగుతుంది.

ఈసారి చాళ్లు గీస్తున్నప్పుడు వాటి పని ఏమిటో తెలిసే గీశాను. ఎత్తుగా ఉన్న గీతలు ముందు ఆరతాయి. ఆరిన చోటే వేడి వంద డిగ్రీలు దాటుతుంది, అక్కడే ఎర్రబడుతుంది. చక్కెరలూ ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలూ కలిసి జరిపే ఈ చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ వివరించాడు. పంచదార ఇందులో నేరుగా పాల్గొనలేదు, మాల్టోజ్ పాల్గొంటుంది. అందుకే చిలగడదుంప కప్పు బంగాళాదుంప కంటే తొందరగా ఎర్రబడుతుంది, తొందరగా మాడుతుంది కూడా. మామూలుగా 200 డిగ్రీలకు పెట్టే ఓవెన్‌ను 180కి తగ్గించి, చివరి పది నిమిషాలు దగ్గరే నిలబడ్డాం.

అంచుల వెంట ఈసారీ నారింజ రంగు నూనె తేలింది. దాన్ని చూసి అక్క కంగారు పడింది కానీ అది మంచి గుర్తు. ఆ రంగు బీటా కెరోటిన్‌ది, మన శరీరం విటమిన్ ఎగా మార్చుకునే పదార్థం. నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. గొర్రె కొవ్వూ వెన్నా దాన్ని దుంప నుంచి లాక్కున్నాయని పాత్ర అంచే చెబుతోంది. కొవ్వుతో కలిపి తిన్నప్పుడే పేగులు దాన్ని బాగా తీసుకుంటాయి. విటమిన్ ఎ లోపంతో పిల్లలు చూపు కోల్పోయే ఆఫ్రికా దేశాల్లో ఈ నారింజ దుంపను వ్యాప్తి చేసినందుకు మరియా ఆండ్రాదే, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో అనే శాస్త్రవేత్తలకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. పోషకాలు పెంచిన పంటల కోసం పనిచేసిన హోవర్త్ బూయీ కూడా అందులో భాగస్వామి. మన దేశంలో తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ భూసోనా అనే నారింజ రకాన్ని రూపొందించింది. మన తెల్లగుజ్జు దుంపల్లో ఈ పదార్థం దాదాపు ఉండదు. భూసోనా లాంటి రకాలు మన సంతల్లోనూ విరివిగా దొరకాలని నా గట్టి కోరిక.

ఒక మాట. పచ్చి చిలగడదుంపను ఫ్రిజ్‌లో పెట్టకండి. ఉష్ణదేశపు వేరు అది, చలికి లోపల దెబ్బతింటుంది. తర్వాత ఎంతసేపు ఉడికించినా నడుమ గట్టిగానే ఉండిపోతుంది. గాలి ఆడే గంప చాలు.

ఓవెన్ నుంచి తీశాక పదిహేను నిమిషాలు ఆగమన్నాను. మరుగుతున్న గ్రేవీ కాస్త కుదుటపడితే ముక్క విడిపోకుండా వస్తుంది. అక్క కొడుకు ఆగలేక రెండుసార్లు వంటింట్లోకి తొంగిచూసి వెళ్లాడు. చివరికి అక్క గరిటెతో ఒక మూల కోసి ఎత్తింది. మీద చాళ్లు గోధుమరంగులో గీసినవి గీసినట్టే ఉన్నాయి, కింద నారింజ పొర రెండంగుళాల మందాన నిలబడి ఉంది. దాని అడుగున ఖీమా తన చోట తాను ఉంది.