దగ్గు కాదు, ఊపిరి చూడండి

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఫోనులో బుజ్జి దగ్గుతుంటే చిన్ను "ఈ పాడు దగ్గు ఎప్పుడు పోతుందో" అని విసుక్కున్నాడు. అప్పటి నుంచి మీకు ఈ ఉత్తరం రాయాలని ఉంది. దగ్గును తిట్టవద్దు నాయనా. అది జబ్బు కాదు, లోపలి చెత్తను బయటికి తోసే పని.

మన శ్వాసనాళాల లోపలి గోడల మీద పలచటి జిగురు పొర ఉంటుంది. పీల్చిన గాలిలోని దుమ్ము, క్రిములు దానికి అంటుకుంటాయి. కంటికి కనిపించని సన్నని నూగు సెకనుకు 10 సార్లకు పైగా ఊగుతూ ఆ జిగురును గొంతు దాకా నెడుతుంది. మనకు తెలియకుండానే దాన్ని మింగేస్తాం. జలుబు వైరస్ ఆ నూగు ఉన్న కణాలను దెబ్బతీస్తే కఫం లోపలే పేరుకుంటుంది. అప్పుడు దగ్గే దిక్కు. రొమ్ము మీద అరచేయి పెట్టుకుని ఒకసారి దగ్గి చూడండి. ముందు గాలి లోపలికి పోతుంది, గొంతులో దారి మూసుకుంటుంది, పొట్ట బిగుసుకుంటుంది. దారి తటాలున తెరుచుకోగానే గాలి కఫాన్ని వెంటబెట్టుకుని బయటికి దూకుతుంది.

కణాలు మళ్లీ పెరగాలి కాబట్టి జ్వరం తగ్గాక కూడా దగ్గు మెల్లగా తగ్గుతూ రెండు మూడు వారాలు ఉండవచ్చు. అన్నాళ్లు ఓపిక పట్టలేక యాంటీబయాటిక్ రాయమని డాక్టరును పట్టుబట్టేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. 1928లో ఫ్లెమింగ్ అనే శాస్త్రవేత్త పెన్సిలిన్‌ను కనుగొన్నది మొదలు ఆ మందులు ఎన్నో ప్రాణాలు నిలిపాయి. అయితే అవి చంపేది బాక్టీరియాను. జలుబు తెచ్చే వైరస్‌లను ఏమీ చేయలేవు. బుజ్జికి నీళ్లు, నిద్ర, పడుకునే ముందు ఒక చెంచా తేనె చాలు. ఏడాది నిండని పసివాళ్లకు మాత్రం తేనె నాకించకూడదు. డాక్టరు చెప్పకుండా దగ్గు మందు కూడా పోయవద్దు. దగ్గేటప్పుడు మోచేతి మడత అడ్డం పెట్టుకోండి.

అన్ని దగ్గులూ ఒకటి కావు. రాత్రుళ్లు పిల్లికూతలతో వస్తే ఉబ్బసం కావచ్చు. ఊపిరి తిప్పుకోనివ్వకుండా తెరలు తెరలుగా వచ్చేది కోరింత దగ్గు. దానికి టీకా ఉంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, సాయంత్రం జ్వరం వస్తూ మనిషి చిక్కిపోతుంటే, క్షయ ఉందేమో పరీక్ష చేయించాలి. దాని క్రిమిని 1882లో రాబర్ట్ కోచ్ అనే జర్మన్ డాక్టరు పట్టుకున్నాడు. ఇప్పుడు మందులు మానకుండా వాడితే నయమవుతుంది.

మీ అమ్మకు రెండేళ్లప్పుడు దగ్గు పెద్దగా లేదు, అందుకే మేమూ పట్టించుకోలేదు. ఒక రాత్రి గౌను ఎత్తి చూస్తే, ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. గడియారం ముందు పెట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి 52. ఆ వయసులో 40 తాకితేనే ఆలస్యం చేయకూడదు. న్యుమోనియా అన్నారు. ఆ రోజు యాంటీబయాటిక్కే మీ అమ్మను నాకు దక్కించింది.

చిన్నూ, బుజ్జికి ఇప్పుడు నాలుగేళ్లు, లెక్క అదే. ఈ రాత్రి అది నిద్రపోయాక పొట్ట పైకి లేవడం ఒక నిమిషం పాటు లెక్కపెట్టు. 40, ఆపైన వచ్చినా, పక్కలు ఎగరేస్తున్నా వెంటనే అమ్మను లేపు. తక్కువ వస్తే రేపు పొద్దున్నే ఫోను చేసి ఆ అంకె నాకు చెప్పు.

మీ అమ్మమ్మ